రెండో చాక్లెట్ ఎవరిస్తారు?

ఐటీలో నాలుగేళ్ళు పనిచేసిన వాళ్ళెవరికీ మార్ష్‌మాలో ప్రయోగం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఏదో ఒక సాఫ్ట్ స్కిల్స్ ట్రైనింగులో ఆ వీడియో చూసే ఉంటారు. నాలుగేళ్ళ పిల్లాడు, ముందొక ప్లేటు, ప్లేట్లో తెల్లగా దూదిలా ఉండే మిఠాయి ఒకటి. "నేను తిరిగొచ్చే దాకా తినకుండా ఉంటే రెండోది కూడా ఇస్తా" అని చెప్పి టీచరు బయటికి వెళ్ళిపోతుంది. పిల్లలు దాన్ని వాసన చూస్తారు, అంచు నాకి మళ్ళీ ప్లేట్లో పెట్టేస్తారు, కళ్ళు గట్టిగా మూసుకుంటారు. హాలంతా నవ్వులు. తర్వాత స్లైడు మారుతుంది. ఆగిన పిల్లలు పెద్దయ్యాక బాగా చదివారు, బాగా సంపాదించారు, ఆరోగ్యంగా ఉన్నారు. ఆగలేని వాళ్ళు వెనకబడ్డారు. ట్రైనర్ గారు గొంతు సవరించుకుని "మీలో ఎంతమంది ఆగగలరు?" అని అడుగుతారు. ఆ తర్వాత లంచ్ బ్రేక్. మనలో ఎంతమంది ఆగగలరో బఫే దగ్గర తెలిసిపోతుంది :)

మనుషులు ఎందుకలా ప్రవర్తిస్తారు అన్నదాని మీద పరిశోధకులు మామూలు జనం కోసం రాసే పుస్తకాలు నేను సరదాగా చదువుతుంటాను. ఏ ప్రయోగం నిలబడింది, ఏది నిలబడలేదు అన్న వార్తలు కూడా ఫాలో అవుతుంటాను. సినిమా వార్తలంత కాకపోయినా వీటిలోనూ మసాలా బాగానే ఉంటుంది. ఈ మార్ష్‌మాలో కథకి గత పది పన్నెండేళ్ళలో చాలా కొత్త భాగాలు వచ్చాయి. కానీ ట్రైనింగ్ స్లైడు మాత్రం 1990 దగ్గరే ఆగిపోయింది. మన భాషలో చెప్పాలంటే బగ్ ఫిక్స్‌లు వచ్చాయి గానీ ప్రొడక్షన్‌లో పాత వెర్షనే నడుస్తోంది. ఆ కొత్త సంగతులు మీతో పంచుకోవాలనే ఇదంతా.

ముందు అసలు కథ.

వాల్టర్ మిషెల్ అని ఒక సైకాలజీ ప్రొఫెసర్. 1930లో వియన్నాలో పుట్టాడు. నాజీలు ఆస్ట్రియాని ఆక్రమించాక చిన్నప్పుడే కుటుంబంతో సహా అమెరికా పారిపోయి వచ్చాడు. 1960ల చివర్లో, 70ల మొదట్లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆవరణలోనే ఉన్న బింగ్ నర్సరీ స్కూల్లో ఈ ప్రయోగాలు చేశాడు. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, పిల్లల్ని "ఓపిక ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు" అని విడదీయడం ఆయన ఉద్దేశం కాదు. పిల్లలు ఎలా ఆగుతారు, ఏం చేస్తే ఎక్కువసేపు ఆగగలుగుతారు అన్నది ఆయన ప్రశ్న.

దానికి సమాధానం కూడా దొరికింది. 1970లో ఎబ్బెసెన్‌తో కలిసి రాసిన పేపర్లో, తినేవి కళ్ళెదురుగా పెట్టినప్పుడు పిల్లలు సగటున ఒక్క నిమిషమే ఆగారు. వాటిని కనపడకుండా తీసేస్తే సగటు 11 నిమిషాలు దాటింది. అదే బడి, అదే వయసు పిల్లలు. మారింది ప్లేటు ఎక్కడుంది అన్నది ఒక్కటే. ఆ తర్వాతి ప్రయోగాల్లో, తిండి గురించి కాకుండా వేరే సరదా సంగతులు ఆలోచించమని చెప్పినా పిల్లలు ఎక్కువసేపు ఆగారు. అంటే ఓపిక అనేది పుట్టుకతో వచ్చిన గుణమని కాదు, చిన్న చిన్న ఉపాయాలతో పెరుగుతుందని ఆ ప్రయోగాలు చెప్పాయి.

మరి "ఆగినవాళ్ళు గెలిచారు" అన్నది ఎక్కణ్ణుంచి వచ్చింది? మిషెల్ ముగ్గురు కూతుళ్ళూ ఆ బడిలోనే చదివారు. వాళ్ళు పెద్దవుతున్నప్పుడు "మీ ఫ్రెండ్స్ ఎలా ఉన్నారు, ఎలా చదువుతున్నారు" అని భోజనాల దగ్గర ఆయన మామూలుగా అడుగుతుండేవాడట. అప్పట్లో ఎక్కువసేపు ఆగిన పిల్లలే బాగా చదువుతున్నట్టు అనిపించింది. దాంతో పాత పిల్లల కుటుంబాలకి ఉత్తరాలు రాసి వివరాలు తెప్పించాడు. 1990లో షోడా, పీక్‌లతో కలిసి వేసిన పేపర్లో ఆగిన సమయానికీ శాట్ మార్కులకీ గట్టి సంబంధం కనిపించింది. కానీ ఆ సంబంధం లెక్కగట్టింది ఎంతమంది మీదో తెలుసా? 35 మంది! వాళ్ళలో చాలామంది యూనివర్సిటీ ప్రొఫెసర్ల పిల్లలు, అక్కడ చదువుకునే వాళ్ళ పిల్లలు. సంఖ్య చిన్నది, జాగ్రత్తగా చూడండి అని ఆ పేపర్ రాసినవాళ్ళే చెప్పారు. మనం ముప్పై అయిదు మంది యూజర్లతో టెస్ట్ చేసి దేశమంతా రిలీజ్ చేస్తామా? క్లయింట్ ఊరుకుంటాడా?

1995లో డేనియల్ గోల్‌మన్ రాసిన ఎమోషనల్ ఇంటెలిజెన్స్ పుస్తకంతో ఈ కథ ప్రపంచమంతా పాకింది. జాగ్రత్తగా చూడమన్న మాట మాత్రం దారిలో ఎక్కడో రాలిపోయింది.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అంటారా? మన ఇళ్ళలోకి కూడా వచ్చేసింది కాబట్టే రాస్తున్నాను.

విజయవాడలో ఉండే మా అక్క ఒకరోజు రాత్రి పదింటికి ఫోన్ చేసింది. వాళ్ళబ్బాయి యూకేజీ. వాళ్ళ స్కూల్లో "పర్సనాలిటీ అసెస్‌మెంట్" అని ఏదో పెట్టారట. ఒక్కొక్క పిల్లాడి ముందూ ఒక చాక్లెట్ పెట్టి, మిస్ బయటికి వెళ్ళి వచ్చేదాకా తినకూడదు, తినకపోతే ఇంకొకటి ఇస్తాం అన్నారు. మావాడు మిస్ గుమ్మం దాటకముందే నోట్లో వేసేసుకున్నాడు. రిపోర్టులో "ఆత్మనిగ్రహం: మెరుగుపడాలి" అని రాసి, పక్కన ఎర్ర రంగు బొమ్మ ఒకటి అంటించి పంపించారు. పేరెంట్స్ మీటింగులో మళ్ళీ అదే వీడియో, అదే స్లైడు.

"ఏరా, వీడు పెద్దయ్యాక ఎందుకూ పనికిరాడంటావా?" అంది అక్క. నవ్వుతూ అన్నట్టే అంది గానీ గొంతులో తేడా తెలుస్తోంది. అప్పటికే బావ రెండ్రోజుల్నుంచీ వాణ్ణి ట్రైనింగ్‌లో పెట్టాడట. బిస్కెట్ ముందు పెట్టి స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చోవడం, తినబోతే చెయ్యి మీద ఒక్కటి వెయ్యడం. అయిదేళ్ళ పిల్లాడికి సాయంత్రం బిస్కెట్ తినడం కూడా ఒక ఎగ్జామ్ అయిపోయింది.

ఫోన్ వాడికివ్వమన్నాను. "ఏరా నాన్నా, చాక్లెట్ ఎందుకు తినేశావు?" అంటే వాడు చాలా తాపీగా, "మిస్ ఇవ్వదు మామయ్యా. మొన్న స్టార్ ఇస్తానంది, ఇవ్వలేదు" అన్నాడు.

నేను వెంటనే అక్కకి చెప్పింది ఏంటంటే, వీడికి లెక్కలు బాగా వస్తాయి, బెంగ పెట్టుకోకు అని. జోక్‌గా అన్నా, ఆ మాటలో నిజం ఉంది. వాడు చెప్పిన కారణం మీద అచ్చంగా ఒక ప్రయోగమే జరిగింది మరి.

అమెరికాలో సెలెస్ట్ కిడ్ అనే పరిశోధకురాలు ఉంది. ఆవిడ అంతకుముందు ఇల్లూవాకిలీ లేని కుటుంబాలు తలదాచుకునే షెల్టర్‌లో పనిచేసింది. అక్కడి పిల్లల చేతిలో బొమ్మో మిఠాయో ఉంటే, ఇంకొకరు ఎప్పుడు లాగేసుకుంటారో తెలీదు. ఈ పిల్లలైతే ఆ మిఠాయి వెంటనే తినేస్తారు కదా, తినడమే సరైన పని కదా అని ఆవిడకి అనిపించింది. దాని మీద రోచెస్టర్ యూనివర్సిటీలో ఇద్దరు సహచరులతో కలిసి ప్రయోగం చేసింది. పేపర్ 2013లో వచ్చింది.

అందులో 28 మంది పిల్లల్ని రెండు సమాన జట్లు చేశారు. మొదట అందరికీ వాడేసిన క్రేయాన్‌లు ఇచ్చి, కాసేపు ఆగితే మంచివి తెస్తామన్నారు. ఒక జట్టుకి నిజంగానే మంచివి తెచ్చిచ్చారు. రెండో జట్టు దగ్గరికి ఉత్త చేతులతో వచ్చి "సారీ, లేవు, వీటితోనే వేసుకోండి" అన్నారు. తర్వాత స్టిక్కర్లతో మళ్ళీ అదే తంతు. అప్పుడు పెట్టారు మార్ష్‌మాలో పరీక్ష. మాట నిలబెట్టుకున్న జట్టులో 14 మందిలో 9 మంది పూర్తిగా 15 నిమిషాలూ ఆగారు. మాట తప్పిన జట్టులో 14 మందిలో ఆగింది ఒక్కరు. సగటు చూస్తే మొదటి జట్టు 12 నిమిషాలు, రెండోది 3 నిమిషాలు. ఇదీ చిన్న ప్రయోగమే, 28 మందే, ఒప్పుకుంటాను. కానీ తేడా ఎంత పెద్దదో చూడండి. పిల్లల గుణం అనుకున్నది పది నిమిషాల్లో, రెండు అబద్ధాలతో మారిపోయింది.

ఇంకో తమాషా ఏంటంటే, ఈ సంగతి మిషెల్‌కి మొదట్నుంచీ తెలుసు. బింగ్ స్కూల్ కన్నా ముందే, 1950ల్లో ఆయన ట్రినిడాడ్ వెళ్ళాడు. చెరకు తోటల్లో పనికి 1845 నుంచీ మన దేశం నుంచి కూలీలుగా వెళ్ళిన వాళ్ళ సంతతి అక్కడ చాలామంది. ఆఫ్రికా సంతతి వాళ్ళూ చాలామంది. "వాళ్ళకి రేపన్న ధ్యాసే లేదు, ఉన్నదంతా ఇవాళే ఖర్చు" అని మనవాళ్ళు వాళ్ళ గురించి అనేవాళ్ళు. "వీళ్ళు డబ్బంతా పరుపు కింద దాచుకుని బతకడమే మర్చిపోతారు" అని వాళ్ళు మనవాళ్ళ గురించి అనేవాళ్ళు. (పరుపు కింద సంగతి నిజమే అయ్యుంటుంది, మా నాయనమ్మని చూశాను.) ఈయన పిల్లలకి "ఇప్పుడైతే చిన్న మిఠాయి, వచ్చే వారం దాకా ఆగితే పెద్దది" అని పరీక్ష పెట్టాడు. భారత సంతతి పిల్లల్లో ఆగినవాళ్ళు ఎక్కువమంది. కానీ ఇంకా తవ్వి చూస్తే అసలు తేడా జాతిలో కాదు, ఇంట్లో తండ్రి ఉన్నాడా లేదా అన్నదాంట్లో కనపడింది. తండ్రి లేని ఇళ్ళలోని పిల్లలు ఎక్కువగా ఇప్పటికిప్పుడు దొరికేదే తీసుకున్నారు. ఎవరో ముక్కూమొహం తెలియని పెద్దమనిషి వచ్చి, వచ్చే వారం ఇస్తానంటే వాళ్ళెందుకు నమ్మాలి? మిషెల్ కూడా దీన్ని నమ్మకానికి సంబంధించిన విషయంగానే అర్థం చేసుకున్నాడు.

అందుకే బింగ్ స్కూల్లో పరీక్ష మొదలుపెట్టే ముందే ఆ పెద్దవాళ్ళు పిల్లలతో ఆడుకునేవాళ్ళు. బల్ల మీద ఒక గంట ఉండేది. పిల్లాడు గంట కొడితే బయటికెళ్ళిన మనిషి వెంటనే లోపలికి రావాలి. పిల్లాడికి నమ్మకం కుదిరేదాకా దాన్ని ప్రాక్టీస్ చేయించి, అప్పుడే అసలు పరీక్ష పెట్టేవాళ్ళు. మావాడి స్కూల్లో గంటా లేదు, ప్రాక్టీసూ లేదు. ఎర్ర బొమ్మ మాత్రం ఉంది.

ఇక పెద్ద సంఖ్యలతో జరిగిన పరిశోధనల సంగతి. 2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హోనన్ క్వాన్ అనే ముగ్గురు 900 మందికి పైగా పిల్లల వివరాలు తీసుకుని పాత లెక్క మళ్ళీ వేశారు. ఈసారి అందరూ ప్రొఫెసర్ల పిల్లలు కాదు. తల్లి కాలేజీ డిగ్రీ పూర్తి చెయ్యని ఇళ్ళ పిల్లల మీదే ప్రత్యేకంగా దృష్టి పెట్టారు. నాలుగేళ్ళప్పుడు ఆగడానికీ, పదిహేనేళ్ళప్పటి చదువుకీ సంబంధం ఉంది గానీ పాతదాంట్లో సగమే. కుటుంబ పరిస్థితులు, చిన్నప్పటి తెలివితేటలు, ఇంటి వాతావరణం కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ సగంలో మూడింట రెండొంతులు మాయం.

2020లో ఇంకొకటి వచ్చింది. మొదటి బింగ్ పిల్లల్లోనే 113 మందిని 46 ఏళ్ళ వయసులో చూశారు. ఆస్తి, ఆదాయం, అప్పులు లాంటివి. చిన్నప్పుడు ఎన్ని నిమిషాలు ఆగారన్నదాన్ని బట్టి ఇవేవీ చెప్పలేకపోయారు. ఈ పేపర్ రచయితల్లో మిషెల్ పేరు కూడా ఉంది. 2018లో ఆయన చనిపోయాక ఇది అచ్చయింది. తన పేరు నిలబెట్టిన కథని తనే మళ్ళీ పరీక్షకి పెట్టిన మనిషంటే నాకు గౌరవం పెరిగింది. 2024లో వాట్స్ బృందమే 702 మందిని 26 ఏళ్ళ వయసు దాకా చూసి, ఈ పరీక్షతో పెద్దయ్యాక ఎలా ఉంటారన్నది నమ్మకంగా చెప్పలేమని రాసింది.

అయితే ఓపిక అనవసరం, ఆత్మనిగ్రహం అంతా ఉత్తదే అని అనకండి. అది ఇంకో వైపు బోల్తా పడటం. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972, 73ల్లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. చిన్నప్పుడు నిగ్రహం ఎక్కువ ఉన్నవాళ్ళు 32 ఏళ్ళు వచ్చేసరికి ఆరోగ్యంలోనూ డబ్బు విషయంలోనూ మెరుగ్గా ఉన్నారని 2011లో తేల్చారు. కాకపోతే అక్కడ నిగ్రహాన్ని కొలిచింది ఒక చాక్లెట్‌తో కాదు. తల్లిదండ్రులు, టీచర్లు, పరిశోధకులు, చివరికి ఆ పిల్లలే స్వయంగా, ఏళ్ళ తరబడి చెప్పిన వాటితో. అయిదు నిమిషాల డెమో చూసి సిస్టమ్ ఎలా నడుస్తుందో చెప్పడానికీ, పదేళ్ళ లాగ్స్ చదివి చెప్పడానికీ ఉన్నంత తేడా.

పోనీ ఆ చాక్లెట్ పరీక్ష అన్ని దేశాల్లో ఒకేలా పనిచేస్తుందా అంటే అదీ లేదు. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో కామెరూన్‌లోని న్సో రైతు కుటుంబాల నాలుగేళ్ళ పిల్లల్లో సుమారు 70 శాతం మంది చివరిదాకా ఆగారు. జర్మనీ మధ్యతరగతి పిల్లల్లో ఆగింది 30 శాతం లోపే. స్లైడు ప్రకారం అయితే ఇప్పటికి జర్మనీ కంటే కామెరూన్ ఎక్కడో ఉండాలి కదా! ఇక 2022లో జపాన్ పిల్లల్నీ అమెరికా పిల్లల్నీ పోల్చారు. తినే వస్తువు పెడితే జపాన్ పిల్లలు ఎక్కువసేపు ఆగారు. కాగితంలో చుట్టిన గిఫ్ట్ పెడితే అమెరికా పిల్లలు ఎక్కువసేపు ఆగారు. జపాన్‌లో అందరికీ వడ్డించేదాకా తినకుండా కూర్చోవడం అలవాటు. అమెరికాలో పుట్టినరోజుకీ క్రిస్మస్‌కీ గిఫ్టులు విప్పకుండా ఆగడం అలవాటు. ఎవరి అలవాటు వాళ్ళని కాపాడింది.

ఇది చదివినప్పుడు నాకు వినాయక చవితి గుర్తొచ్చింది. ఉండ్రాళ్ళు, కుడుములు, పులిహోర అన్నీ దేవుడి ముందు పెట్టి ఉంటాయి. ఇల్లంతా నెయ్యి వాసన. శమంతకమణి కథ మొత్తం అయ్యి, అక్షింతలు వేసుకుని, నైవేద్యం పూర్తయ్యేదాకా ఇంట్లో ఏ పిల్లాడూ ముట్టుకోడు. పదిహేను నిమిషాలేం ఖర్మ, గంటన్నర! మా అక్క కొడుకు కూడా చక్కగా చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఎందుకంటే నైవేద్యం అయ్యాక పెడతారని వాడికి తెలుసు. ఏ ఏడాదీ పెట్టకుండా ఊరుకోలేదు. ఆ పిల్లాడికే "ఓపిక లేదు" అని రిపోర్టు.

ఇక్కడే ఈ ప్రయోగం మన జీవితాల్లో ఎక్కడెక్కడ ఉందో కనపడటం మొదలవుతుంది.

గుంటూరు జిల్లాలో మా బాబాయి మిరప వేస్తాడు. కోల్డ్ స్టోరేజీలో పెట్టి రెండు మూడు నెలలు ఆగితే మంచి రేటు రావచ్చని ఆయనకి తెలియక కాదు, కళ్ళం మీంచి సరుకు నేరుగా యార్డుకి తోలేది. పెట్టుబడికి అప్పిచ్చిన కమీషన్ వ్యాపారి వాకిట్లో కూర్చుని ఉంటాడు. పైగా ఆగినా రేటు పెరుగుతుందని హామీ ఏమీ లేదు. ఒకసారి ఆగితే పడిపోయింది కూడా. మా నాన్న అదే ఊళ్ళో పుట్టి, గవర్నమెంట్ ఉద్యోగంలో చేరి, ముప్పై ఏళ్ళు పీఎఫ్ కదపకుండా దాచాడు. ఇద్దరూ ఒక్క తల్లి బిడ్డలే. ఒకరికి ఓపిక ఉండి ఇంకొకరికి లేక కాదు. ఒకరికి ఒకటో తారీఖున జీతం పడుతుందన్న నమ్మకం ఉంది, ఇంకొకరికి లేదు. చుట్టాలు మాత్రం "పెద్దాయన ముందుచూపున్న మనిషి, చిన్నాయనకి నిలకడ లేదు" అంటారు.

ఆఫీసులో ఇదే కథ ఇంగ్లీషులో నడుస్తుంది. నాతో పనిచేసిన ఒకతని సంగతి చెప్తాను, కంపెనీ పేరెందుకు లెండి. "ఈ రిలీజ్ అయ్యేదాకా ఆగు, ఆన్‌సైట్ నీదే" అన్నారు. ఆగాడు. "ఈ క్వార్టర్ బడ్జెట్ లేదు, వచ్చే అప్రైజల్లో ప్రమోషన్ చూద్దాం" అన్నారు. ఆగాడు. వీకెండ్లు పనిచేశాడు, పండక్కి ఊరెళ్ళడం మానుకున్నాడు, పెళ్ళిచూపులు కూడా రెండుసార్లు వాయిదా వేసుకున్నాడు. రెండేళ్ళ తర్వాత ఆన్‌సైట్‌కి ఇంకెవరో వెళ్ళారు. ప్రమోషన్ అడిగితే, ఈసారి మీ బ్యాండ్‌లో కోటా అయిపోయిందన్నారు. మర్నాడు అతను వేరే కంపెనీ ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టాడు. అతను వెళ్ళిపోయాక మీటింగులో మా పెద్దాయన ఒకరు "ఈ జనరేషన్‌కి పేషెన్స్ లేదు" అని నిట్టూర్చారు. ఆ నెలలోనే మాకు సాఫ్ట్ స్కిల్స్ ట్రైనింగ్ పెట్టారు. మొదటి వీడియో ఏంటో మీకు తెలుసు.

నాకు అభ్యంతరం ఇక్కడే. రెండో చాక్లెట్ ఇవ్వాల్సిన వాళ్ళే ఈ వీడియో చూపిస్తారు. ప్రయోగంలో మాట నిలబెట్టుకోవాల్సిన బాధ్యత పెద్దవాళ్ళది. వీడియోలో ఆ పెద్దవాళ్ళు కనపడరు, పిల్లాడి మొహమే కనపడుతుంది. అందుకే చూసేవాళ్ళకి తప్పొప్పులన్నీ పిల్లాడివే అనిపిస్తాయి. ఆగినవాడు గొప్పవాడా కాదా అని అడిగే ముందు, ఆగమన్నవాడు ఇదివరకు ఎన్నిసార్లు ఇచ్చాడో అడగాలి. ఈ ఒక్క ప్రశ్న అడిగితే "మన వాళ్ళకి ఓపిక లేదు, బీదవాళ్ళకి పొదుపు తెలీదు, ఈ కాలం కుర్రాళ్ళకి నిలకడ లేదు" అనే తీర్పుల్లో చాలావాటిని మళ్ళీ రాసుకోవాల్సి వస్తుంది.

ఎవరైనా "రీసెర్చ్‌లో తేలింది" అని ఏదైనా చెప్పినప్పుడు నేను చూసేవి కూడా చెప్తాను. ఎంతమంది మీద చేశారు? వాళ్ళెలాంటి ఇళ్ళ వాళ్ళు? వేరేవాళ్ళు మళ్ళీ చేస్తే వచ్చిందా? ఇవి మనకి కొత్త కాదు. ఇంటర్నెట్లో దొరికిన కోడ్ ముక్క తెచ్చుకునేటప్పుడు మనం అడిగే ప్రశ్నలే ఇవి. ఆ కోడ్ పనిచెయ్యకపోతే రోల్‌బ్యాక్ చేసుకుంటాం. అయిదేళ్ళ పిల్లాడి మీద అంటించిన ఎర్ర బొమ్మకి రోల్‌బ్యాక్ ఉండదు. తనకి ఓపిక లేదని వాడే నమ్మేస్తే తర్వాత దాన్ని ఎవరు పీకుతారు?

అక్కావాళ్ళ విషయానికొస్తే, స్టాప్‌వాచ్ ఆపెయ్యమని బావకి చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "నువ్వు చదివినవి నువ్వు చదివావు, స్కూలు వాళ్ళకి తెలీదా" అన్నాడు. 900 మంది లెక్కా, 35 మంది లెక్కా పక్కపక్కన పెట్టి చెప్పాక కొంచెం మెత్తబడ్డాడు. ఆయన బ్యాంకులో పనిచేస్తాడు కాబట్టి అంకెలు చెప్తే వింటాడు. దాని బదులు ఒక పని చెయ్యమన్నాను. వాడికి ఆదివారం పార్కుకి తీసుకెళ్తానంటే ఆ ఆదివారమే తీసుకెళ్ళాలి. కుదరదనుకుంటే ముందే మాటివ్వకూడదు. స్కూలు వాళ్ళని కలిసి ఆ బొమ్మ తీసెయ్యమని అడగడం అక్క చూసుకుంటానంది.

మనలో చాలామందికి ఇప్పుడిప్పుడే కింద ఇద్దరు ముగ్గురు జూనియర్లు వస్తున్నారు, ఇంట్లో పిల్లలూ వస్తున్నారు. ఆగమని మనకి చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు గానీ, ఆగమని చెప్పే వయసు మనకీ వచ్చేసింది. నా టీములో ఇద్దరు ఫ్రెషర్లున్నారు. ప్రమోషన్, ఆన్‌సైట్ లాంటివి నా చేతిలో లేవని వాళ్ళకి మొదటి వారమే చెప్పేశాను. నా చేతిలో ఉన్నవి చిన్నవే. శుక్రవారం కోడ్ రివ్యూ చేస్తానంటే శుక్రవారం చెయ్యడం, సంక్రాంతికి సెలవు ఇప్పిస్తానంటే ఇప్పించడం. మొన్న ఒక పెద్ద మాడ్యూల్ తిరగరాయాల్సి వచ్చింది. మూడు వారాల విసుగు పని, ఫలితం ఇప్పట్లో కనపడదు. ఆ ఇద్దరూ ఎందుకు, ఏమిటి అని కూడా అడగలేదు. కూర్చుని రాసేశారు.

ఈసారి ట్రైనింగులో ఆ వీడియో వేస్తే మీరూ చెయ్యెత్తి అడగండి: "సార్, ఆ పిల్లలకి తర్వాత రెండోది ఇచ్చారా?"